వానలు పడకముందే ముంపు లెక్కల డబ్ల్యూపీఎస్‌ను సరిచూసుకోండి

జూన్ మొదటి వారంలో భద్రాచలం కరకట్ట మీద నిలబడితే గోదావరిలో నీళ్ళకన్నా ఇసుక తిన్నెలే ఎక్కువ కనిపిస్తాయి. ముంపు మ్యాపుల సర్వీసులు రాసేవాళ్ళు పాత కోడ్ విప్పి చూసుకోవాల్సింది ఆ రోజుల్లోనే. నీటిమట్టం 43 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే, ఇక 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది ఎప్పుడొస్తాయో అని అందరికీ టెన్షనే. 2022 జులైలో అక్కడ నీళ్ళు 71 అడుగులు దాటాయి. అలాంటి రాత్రి సర్వర్ మీద రిక్వెస్టులు కుప్పగా వచ్చి పడుతుంటే కోడ్‌లో తప్పు వెతకడం ఎవరివల్లా కాదు.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. వెబ్ ప్రాసెసింగ్ సర్వీసు (డబ్ల్యూపీఎస్) అంటే, మన దగ్గరున్న లెక్కను సర్వర్‌లో పెట్టి, ఎవరైనా వెబ్ మీదుగా ఇన్‌పుట్లు పంపి జవాబు తీసుకునేలా చేసే పద్ధతి. ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం ప్రమాణం ఇది. 1.0.0 వెర్షన్ 2007లో, 2.0 వెర్షన్ 2015లో వచ్చాయి. గెట్‌కేపబిలిటీస్ అని అడిగితే ఏయే ప్రాసెస్‌లు ఉన్నాయో చెబుతుంది. డిస్క్రైబ్‌ప్రాసెస్ అంటే ఒక్కోదానికి ఏమేం ఇవ్వాలో చెబుతుంది. ఎగ్జిక్యూట్ అంటే లెక్క చేసి పెడుతుంది. వెనక ఏ భాష ఉందో అడిగినవాళ్ళకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఈ సర్వీసులు నడిపే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నాయి: పైడబ్ల్యూపీఎస్‌లో పైథాన్ రాస్తాం, జియోసర్వర్‌లో జావా. జూ ప్రాజెక్ట్‌లో సీ, ఫోర్ట్రాన్, పైథాన్, జావా, పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్, ఏది వస్తే అది రాసుకోవచ్చు. ఈ వెసులుబాటు గొప్పదే. కాకపోతే ఒక్కో భాష ఒక్కో చోట దెబ్బతీస్తుంది. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే సర్వీసుతో అంత ప్రమాదం లేదు, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఆగకుండా, "విజయవంతం" అని చెప్పి తప్పు మ్యాపు చేతిలో పెట్టేదే నన్ను భయపెడుతుంది. అందుకే ఎక్కువ మాటలు దాని గురించే రాస్తున్నాను.

డేటా లేని గడులు

ఒకసారి నేను సీలో రాసిన ముంపు లెక్క పాపికొండల శిఖరాల మీద నీలిరంగు మచ్చలు చూపించింది. కొండ కొసన వరద! కారణం చాలా చిన్నది. ఎస్ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తుల డేటా) ఫైల్లో నేలను చిన్న చిన్న గడులుగా విడగొట్టి ఒక్కో గడికి ఒక్కో ఎత్తు రాసి ఉంటుంది, డేటా లేని గడికి మైనస్ 32768 అని ఉంటుంది. నా కోడ్‌లో ఉన్న షరతు ఒక్కటే: ఎత్తు నీటిమట్టం కన్నా తక్కువైతే ముంపు. మైనస్ 32768 దేనికన్నా అయినా తక్కువే కదా. కొండ మీద కాబట్టి కంటపడింది. అదే మచ్చ కూనవరం పక్కన పొలాల్లో పడి ఉంటే నిజమైన ముంపనే అనుకునేవాళ్ళం.

సీ, ఫోర్ట్రాన్‌లలో ఆ అంకెను మీరే పట్టుకోవాలి, ఆ భాషలకు అది మామూలు సంఖ్యే. పైథాన్‌లో అంకెల లెక్కల లైబ్రరీ నమ్‌పై మామూలు అర్రే వాడితే అదే గొడవ, చెల్లని గడులను మూసిపెట్టే మాస్క్ చేసిన అర్రే వాడితే తప్పుతుంది. ఆర్ భాషలో టెర్రా ప్యాకేజీ దాన్ని ఎన్ఏగా (విలువ లేదని) చదువుతుంది కాబట్టి పోలికకు కూడా ఎన్ఏ అనే జవాబు వస్తుంది, మనకు అనుమానం కలుగుతుంది. కానీ కూడికలో ఎన్ఏలను వదిలేయమని ఎన్ఏ.ఆర్ఎమ్ ట్రూ అని పెట్టామా, ఆ గడులు చప్పుడు లేకుండా మాయమైపోతాయి. ఏ భాషైనా సరే, డేటా లేని గడులు ఎన్నో విడిగా లెక్కపెట్టి ఇంకో అవుట్‌పుట్‌గా ఇవ్వండి. మ్యాపు చూసేవాళ్ళకు ఆ అంకె కనిపించాలి.

అడుగులా, మీటర్లా?

భద్రాచలంలో అందరూ అడుగుల్లోనే మాట్లాడతారు. ఎత్తుల ఫైలు మీటర్లలో ఉంటుంది. ఇన్‌పుట్ పేరు "మట్టం" అని, రకం డబుల్ అని మాత్రం రాసి వదిలేస్తే, కంగారులో ఉన్న మనిషి 48 అని కొడతాడు. అడుగులను మీటర్లలోకి మార్చినంత మాత్రాన కూడా సరిపోదు. నదిలో మట్టం కొలిచే గేజ్ సున్నా వేరు, సముద్ర మట్టపు సున్నా వేరు. గేజ్ సున్నా ఎత్తును కలిపాకే ఎత్తుల ఫైలుతో పోల్చాలి. డబ్ల్యూపీఎస్‌లో లిటరల్ ఇన్‌పుట్‌కు కొలమానం ప్రకటించే వీలుంది, దాన్ని ఖాళీగా వదలకండి. పేరులోనే "గేజ్_మట్టం_అడుగులు" అన్నంత స్పష్టంగా ఉంటే ఇంకా మంచిది. అనుమతించే హద్దులు కూడా పెట్టండి. పైడబ్ల్యూపీఎస్‌లో అలౌడ్ వ్యాల్యూస్ ఉంది, జూలో జెడ్‌సీఎఫ్‌జీ ఫైల్లో కింది హద్దు, పై హద్దు రాయొచ్చు. హద్దు దాటితే లెక్క చేయకుండా ఎర్రర్ ఇవ్వాలి.

ఇక్కడే ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఎస్ఆర్‌టీఎంకు నిర్దేశించిన నిలువు ఖచ్చితత్వం 16 మీటర్లు. మొదటి హెచ్చరికకూ మూడో హెచ్చరికకూ మధ్య తేడా 10 అడుగులు, అంటే సుమారు 3 మీటర్లు. ఆ ఫైలుతో చేసిన లెక్క చూసి ఏ ఇల్లు మునుగుతుందో చెప్పలేం. ఇంతకన్నా మంచి ఎత్తుల డేటా దొరికితే అదే వాడండి. దొరకకపోతే ప్రాసెస్ వివరణలో ఈ మాట తెలుగులో, మొదటి వాక్యంలోనే రాయండి.

తలకిందులైన అక్షాంశాలు

భద్రాచలం అక్షాంశం సుమారు 17.67, రేఖాంశం 80.89. ఈ రెండూ తారుమారైతే మనం స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరపు అంచున, ఆర్కిటిక్ సముద్రంలో తేలుతాం. జియోజేసన్ రకం మ్యాపు ఫైళ్ళలో ముందు రేఖాంశం. అక్షాంశ రేఖాంశాల ప్రామాణిక పద్ధతి ఈపీఎస్‌జీ 4326 నిర్వచనంలో ముందు అక్షాంశం. మ్యాపు ఫైళ్ళు చదివే జీడాల్ లైబ్రరీ 2019లో వచ్చిన 3వ వెర్షన్ నుంచి ఆ నిర్వచనాన్నే పాటిస్తోంది కాబట్టి, అంతకుముందు రాసిన కోడ్‌ను కొత్త సర్వర్ మీదికి మారిస్తే చూస్తూ చూస్తూ తలకిందులవుతుంది. పైథాన్‌లో స్థానాల అంకెలు మార్చే పైప్రాజ్ వాడితే ఆల్వేస్_ఎక్స్‌వై (ఎప్పుడూ ముందు రేఖాంశమే) అని స్పష్టంగా రాయండి.

బఫర్లు (ఒక చోటు చుట్టూ ఇంత దూరం అని గీసే హద్దులు) వేసేటప్పుడు డిగ్రీల్లోంచి మీటర్లలోకి మార్చుకోవడం మరవద్దు. లేకపోతే 500 మీటర్లనుకున్నది 500 డిగ్రీలవుతుంది. మీటర్లలో కొలిచే యూటీఎం మ్యాపు పద్ధతిలో మన వైపు 44 జోన్ చాలావరకు సరిపోతుంది. అనంతపురం వైపు మాత్రం 43లోకి, ఇచ్ఛాపురం 45లోకి వెళ్తాయి. జోన్ నంబరును కోడ్‌లో గట్టిగా రాసేసి ఉంటే ఇప్పుడే తీసేయండి.

తెలుగు పేర్లు

ఇది మన భాషలో పనిచేసేవాళ్ళకే తగిలే దెబ్బ. "భద్రాచలం" అన్న పేరు యూనికోడ్‌లో 8 సంకేతాలు, యూటీఎఫ్-8లో 24 బైట్లు. పైథాన్ దాని పొడవు 8 అంటుంది, జావాస్క్రిప్ట్ కూడా అంతే. పీహెచ్‌పీలో స్ట్ర్‌లెన్ 24 అంటుంది, ఎంబీ_స్ట్ర్‌లెన్ 8 అంటుంది. సీలో ఊరి పేరుకు 20 బైట్ల జాగా పెట్టి స్ట్ర్‌కాపీ చేశారంటే పక్క మెమరీ మీద రాసేస్తుంది. ఇంగ్లిష్ పేర్లతో టెస్ట్ చేసినన్నాళ్ళూ ఏమీ కాదు. జావాలో జేడీకే 18కి ముందు ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో చదవాలన్నది సర్వర్ సెట్టింగ్‌ను బట్టి ఉండేది కాబట్టి, యూటీఎఫ్-8 అని ప్రతిచోటా మీరే చెప్పండి. టెస్టుల్లో కనీసం పది తెలుగు ఊళ్ళ పేర్లు పెట్టండి, వత్తులున్నవి, పొడవైనవి.

తలుపులు వేసుకోవడం

డబ్ల్యూపీఎస్ అంటే ఊరూ పేరూ తెలియనివాళ్ళు పంపిన డేటాతో మన సర్వర్ పనిచేయడం. కాబట్టి భద్రతను వేరే టీమ్ చూసుకుంటుందిలే అనుకోవద్దు. ఇన్‌పుట్‌ను లింకుగా పంపే వీలుంటుంది, ఆ లింకును తెరిచేది మన సర్వరే. క్లౌడ్‌లో ఉంటే 169.254.169.254 లాంటి లోపలి చిరునామాలు అడిగి రహస్యాలు లాగేయొచ్చు. అనుమతించిన చిరునామాల జాబితా పెట్టండి. ఎక్స్ఎమ్ఎల్ చదివేటప్పుడు బయటి ఎంటిటీలను (వేరే ఫైళ్ళను లోపలికి లాగే పేర్లను) ఆపేయండి. ఫైలు పేరును అతికించి షెల్ కమాండ్ తయారుచేసే పని ఏ భాషలోనూ వద్దు. పైథాన్‌లో సబ్‌ప్రాసెస్‌కు జాబితాగా ఇవ్వండి, పీహెచ్‌పీలో ఎస్కేప్‌షెల్‌ఆర్గ్ వాడండి.

ఇవి ఉత్తి భయాలు కావు. జియోసర్వర్‌లో 2024లో బయటపడ్డ సీవీఈ-2024-36401 లోపంతో లాగిన్ కూడా లేకుండా సర్వర్‌లో కోడ్ నడిపించవచ్చు, డబ్ల్యూపీఎస్ ఎగ్జిక్యూట్ కూడా అందుకు ఒక దారి. 2.23.6, 2.24.4, 2.25.2 వెర్షన్లలో సరిచేశారు. మీది అంతకన్నా పాతదైతే మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు అది మార్చండి. 2022లో గడుల లెక్కలకు వాడే జిఫిల్ స్క్రిప్టు ప్రాసెస్ విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. వాడేవాళ్ళ నుంచి ఫార్ములా తీసుకుని నడిపించే ప్రాసెస్ రాయాలనిపిస్తే, మానుకోమనే చెబుతాను.

రద్దీ రోజు

ఎస్ఆర్‌టీఎం ఒక టైల్ 3601 గడుల నిలువు, 3601 అడ్డం. రెండు బైట్ల పూర్ణాంకాలుగా 26 ఎంబీ. నమ్‌పైలో ఫ్లోట్ 64గా మారిస్తే 104 ఎంబీ. మధ్యలో నాలుగు కాపీలు, పక్కనే పది రిక్వెస్టులు అనుకుంటే 4 జీబీ దాటిపోతుంది. జూ సీజీఐగా నడిస్తే రిక్వెస్టుకో ప్రాసెస్, ఒకటి కూలినా పక్కది బతుకుతుంది. జియోసర్వర్‌లో అయితే అంతా ఒకే జేవీఎమ్ (జావాను నడిపే ప్రోగ్రాం). మీ లెక్క మెమరీ తినేస్తే మామూలు మ్యాపులు చూసేవాళ్ళకూ తెర తెల్లబడుతుంది. జావా క్లాసులో రిక్వెస్ట్ వివరాలను ఫీల్డుల్లో దాచకండి, ఒకే ఆబ్జెక్టును అందరూ వాడతారు. మీ ముంపు పక్కవాళ్ళ మ్యాపులో తేలుతుంది. తాత్కాలిక ఫైళ్ళదీ అదే కథ, "అవుట్.టిఫ్" అనే ఒక్క పేరుతో ఇద్దరికీ రాయొద్దు.

సర్వర్ ముందు నిలబడి రిక్వెస్టులు అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీ మామూలుగా 60 సెకన్లకే చేతులెత్తేస్తుంది. అంతకన్నా ఎక్కువ పట్టే లెక్కను ఎసింక్రనస్‌గా (అడిగినవాళ్ళను ఆపి ఉంచకుండా వెనక) నడపండి, ఎంత శాతం అయిందో చెబుతూ ఉండండి. లేకపోతే మనుషులు మళ్ళీ మళ్ళీ నొక్కుతారు, ప్రతి నొక్కుకూ ఒక కొత్త లెక్క మొదలవుతుంది. పాత అవుట్‌పుట్లు రోజూ చెరిపేసే ఏర్పాటు చూడండి. డిస్క్ నిండి ఆగిన సర్వీసులు చాలా చూశాను.

తెరిచే ముందు

జూన్ చివరికల్లా ఇన్‌పుట్ల పేర్లు మార్చడం ఆపేయండి, వాటిని నమ్ముకుని వేరేవాళ్ళు కోడ్ రాసి ఉంటారు. తరువాత 43, 48, 53 అడుగులకు మూడు మ్యాపులు తీయండి. వీలైతే అదే లెక్కను రెండు భాషల్లో నడిపి గడి గడీ పోల్చండి. నేను పైథాన్‌ను సీతో పోల్చి చూస్తాను. 43 మ్యాపు మొత్తం 48లో ఇమడాలి, 48 మొత్తం 53లో ఇమడాలి. నీళ్ళు పెరిగితే మునిగిన గడి తేలదు కదా. ఒక్క గడి బయట మిగిలినా, కారణం దొరికేదాకా ఆ సర్వీసును ఎవరికీ తెరవకండి.