కొత్త ఫ్రిజ్ ఇంటికొచ్చిందా? ప్లగ్ పెట్టే ముందు నుంచి సరిగ్గా వాడుకునే దాకా ఏం చేయాలి

ఫ్రిజ్ దించిన వాళ్లు గడప దాటకముందే ప్లగ్ పెట్టేసి, గంట తిరక్కుండానే పాలు, కూరగాయలు అన్నీ లోపల సర్దేయడం చాలా ఇళ్లలో జరిగేదే. మొదటి రోజు కాస్త ఓపిక పడితే తర్వాత ఏళ్ల తరబడి తలనొప్పి ఉండదు, కాబట్టి తొందర వద్దు. ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకోండి: ఫ్రిజ్ తన లోపలున్న వేడిని లాగి బయటికి, అంటే మీ గదిలోకి వదులుతుంది, అది చేసే పనంతా అదే. ఎక్కడ పెట్టాలి, ఎంత ఖాళీ వదలాలి, పొగలు కక్కే గిన్నె లోపల ఎందుకు పెట్టకూడదు అన్నవన్నీ అక్కడి నుంచే వస్తాయి.

1. చోటు చూసుకోండి

స్టవ్ పక్కన వద్దు, ఎండ పడే కిటికీ దగ్గర అసలే వద్దు. చుట్టూ ఎంత ఖాళీ వదలాలో మాన్యువల్లో రాసి ఉంటుంది, మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి అదే పాటించండి, అది చేతిలో లేకపోతే వెనకాల ఓ 5 సెంటీమీటర్లు, పక్కల 2, 3 సెంటీమీటర్లు, పైన ఇంకాస్త ఎక్కువ వదిలితే సాధారణంగా సరిపోతుంది. ఇప్పటి చాలా ఫ్రిజ్‌లలో వేడిని వదిలే గొట్టాలు పక్క గోడల లోపలే ఉంటాయి, అందుకే నడుస్తున్నప్పుడు పక్కన చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు గానీ, ఆ గోడని అల్మారాకి ఆనించేస్తే మాత్రం ఆ వేడికి దారి ఉండదు, కంప్రెసర్ (ఫ్రిజ్‌ని చల్లబరిచే మోటారు) ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

గ్యారేజీలోనో బాల్కనీలోనో పెట్టాలనుకుంటే లోపల అంటించిన స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ చూడండి. ఎన్ అని ఉంటే అది 16 నుంచి 32 డిగ్రీల గదికి తయారుచేసింది, ఎస్‌టి అయితే 38 దాకా, టి అయితే 43 దాకా తట్టుకుంటుంది.

2. సమంగా నిలబెట్టండి

కింద ముందు వైపు కాళ్లను తిప్పి, ఫ్రిజ్ ఊగకుండా, ముందు భాగం ఒక్క పిసరు ఎత్తుగా ఉండేలా సర్దండి. తలుపు సగం తెరిచి వదిలితే దానంతట అదే మెల్లగా మూసుకోవాలి.

3. ఇప్పుడు ఆగండి

కంప్రెసర్ లోపల నూనె ఉంటుంది. ఫ్రిజ్‌ని పడుకోబెట్టి తెస్తే ఆ నూనె గొట్టాల్లోకి పోతుంది, అది కిందికి దిగకముందే ఆన్ చేస్తే కంప్రెసర్‌కి దెబ్బ. నిలబెట్టే తెచ్చారంటే ఒక రెండు నుంచి నాలుగు గంటలు ఆగితే చాలు. పడుకోబెట్టి తెచ్చి ఉంటే ఎంతసేపు పడుకోబెట్టారో కనీసం అంతసేపు, రోజంతా అయితే ఒక పూర్తి రోజు ఆగండి. అందుకే తెచ్చిన వాళ్లు వెళ్లిపోకముందే ఆ ఒక్క మాట అడిగి పెట్టుకోవాలి.

ఈలోపు టేపులు, థర్మోకోల్ ముక్కలు అన్నీ తీసేసి (ట్రేల కింద, ఫ్రీజర్ మూలల్లో కూడా దాక్కుని ఉంటాయి), గోరువెచ్చని నీళ్లలో కొంచెం వంటసోడా కలిపి లోపలంతా తుడవండి, కొత్త ప్లాస్టిక్ వాసన చాలావరకు పోతుంది. తర్వాత పొడిగుడ్డతో తుడిచి తలుపు కాసేపు తెరిచి ఉంచండి.

4. కరెంటు

నేరుగా గోడకున్న, ఎర్తింగ్ ఉన్న త్రీ పిన్ సాకెట్‌లోనే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, ఒకే సాకెట్‌కి మైక్రోవేవ్‌తో కలిపి పెట్టడాలు వద్దే వద్దు, ఎందుకంటే కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో మామూలుగా నడిచేటప్పటి కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, వదులుగా ఉన్న ప్లగ్ అక్కడే వేడెక్కి మాడుతుంది. తలుపు పట్టుకుంటే చేతికి జివ్వుమన్నా సరే, వెంటనే మెయిన్ ఆపి ప్లగ్ తీసేయండి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా మళ్లీ పెట్టకండి. స్టెబిలైజర్ కావాలా అంటే, ఎంత వోల్టేజ్ నుంచి ఎంత దాకా పనిచేస్తుందో మాన్యువల్లో చూసి, మీ ఇంట్లో వోల్టేజ్ ఆ హద్దులు దాటుతుంటేనే.

ఏ కారణంతో ప్లగ్ తీసినా, మళ్లీ పెట్టడానికి ఐదు నిమిషాలు ఆగండి.

5. ఖాళీగా నడిపి, కొలిచి చూడండి

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. నాబ్ మీద 1 నుంచి 5 దాకానో 7 దాకానో ఉండే అంకెలు డిగ్రీలు కావు, చాలా మోడళ్లలో అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది, అంతే. మధ్యలో పెట్టి, మాన్యువల్ చెప్పినన్ని గంటలు ఖాళీగా నడవనివ్వండి. తర్వాత ఒక గ్లాసు నిండా నీళ్లు పోసి, అందులో చిన్న ఫ్రిజ్ థర్మామీటర్ ముంచి మధ్య అర మీద పెట్టి రాత్రంతా వదిలేయండి. గాలి వేడి తలుపు తీసిన ప్రతిసారీ మారిపోతుంది, నీళ్ల వేడి అంత తొందరగా మారదు, పైగా లోపలున్న పాలు ఎంత చల్లగా ఉంటాయో ఆ నీళ్లే చెబుతాయి. పొద్దున చూస్తే 4 డిగ్రీలు లేదా కాస్త తక్కువ ఉండాలి, సున్నాకి మాత్రం దిగకూడదు. ఫ్రీజర్లో మైనస్ 18. తేడా ఉంటే నాబ్ ఒక్క గీత మాత్రమే తిప్పి, ఇంకో రోజు ఆగి మళ్లీ చూడండి, గంటగంటకీ తిప్పుతూ పోతే ఏదీ తేలదు.

6. సర్దడం

తలుపు అరలు అన్నిటికన్నా వెచ్చని చోటు, అందుకే అక్కడ సాస్ సీసాలు, నీళ్ల బాటిళ్లు పెట్టుకుని, పాలూ గుడ్లూ లోపలి అరల్లో పెట్టండి. పచ్చి మాంసం, చేపలు మూత గట్టిగా ఉన్న డబ్బాలో, అన్నిటికన్నా కింది అరలో, ఎందుకంటే కారితే కిందికే కారుతుంది, కింద తినడానికి సిద్ధంగా ఉన్నది ఏదీ ఉండకూడదు. ఆపిల్ లాంటి పళ్లు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి, దాంతో పక్కనున్న ఆకుకూరలు తొందరగా పసుపెక్కిపోతాయి, రెండు బాక్సులుంటే విడివిడిగా వేయండి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ (ఐస్ పేరుకోకుండా తనే కరిగించుకునే రకం) అయితే వెనక గోడకున్న గాలి రంధ్రాలకి అడ్డంగా ఏదీ పెట్టకండి.

ఇంట్లో ఇన్సులిన్ ఉంటే మరీ జాగ్రత్త. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఒకసారి గడ్డకట్టిందంటే కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా పారేయాల్సిందే. ఫ్రీజర్ పక్కన, గాలి రంధ్రాల ముందు పెట్టకుండా ఒక డబ్బాలో వేసి మధ్య అరలో ఉంచండి.

వండిన వాటిని రెండు గంటలకి మించి బయట ఉంచొద్దు, గది 32 డిగ్రీలు దాటి ఉంటే గంటే. అలాగని పొయ్యి మీంచి దించిన పెద్ద గిన్నె నేరుగా లోపల పెడితే చుట్టుపక్కలవన్నీ వేడెక్కుతాయి, నాలుగు లోతు తక్కువ డబ్బాల్లోకి సర్దితే తొందరగా చల్లారుతుంది. చల్లదనం సూక్ష్మజీవులని చంపదు, వాటి వేగం తగ్గిస్తుంది అంతే, లిస్టీరియా లాంటివి ఫ్రిజ్ చలిలో కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటాయి. మిగిలినవి మూడు నాలుగు రోజుల్లో తినేయండి.

7. వాడుతూ ఉండగా

తలుపు రబ్బరుకి మధ్యలో ఒక కాగితం పెట్టి మూసి లాగండి, కాస్త పట్టు తగలాలి, జారి వచ్చేస్తే అక్కడ నుంచి చల్లదనం కూడా అలాగే పోతోందన్నమాట. ముందు సబ్బునీళ్లతో రబ్బరు మడతలు తుడిచి చూడండి, చాలాసార్లు జిడ్డే కారణం. కూరగాయల బాక్స్ కింద నీళ్లు చేరుతుంటే వెనక గోడ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, ఏ ఆకు ముక్కో అడ్డం పడి ఉంటుంది, మెత్తటి పుల్లతో తీసేయండి.

డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లో (ఐస్ మనమే కరిగించుకోవాల్సిన రకం) ఐస్ అర సెంటీమీటరు దాటితే డీఫ్రాస్ట్ చేయండి, అంటే ఐస్ కరిగించేయండి, కత్తితో మాత్రం ఎప్పుడూ గీకకండి. ఇప్పటి ఫ్రిజ్‌ల గొట్టాల్లో తిరుగుతూ చల్లబరిచేది ఎక్కువగా ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్, అది మండే వాయువు. ఉండేది కొన్ని పదుల గ్రాములే అయినా, గొట్టానికి చిల్లు పడి బుస్సుమని శబ్దం వస్తే స్విచ్‌లు వేయొద్దు, ఆపొద్దు, మంట వెలిగించొద్దు, తలుపులు కిటికీలు బార్లా తెరిచి అందరినీ బయటికి తీసుకెళ్లి మెకానిక్‌ని పిలవండి.

కరెంటు పోతే తలుపు తీయకుండా ఉంటే చాలు, లోపలివి నాలుగు గంటలు బాగానే ఉంటాయి, నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు ఆగుతుంది.

8. పాత ఫ్రిజ్ సంగతి

దాన్ని ఎవరైనా తీసుకెళ్లేదాకా వరండాలో పడేసి ఉంచుతుంటే, ఈరోజే తలుపు ఊడదీసేయండి, లోపలి అరలు అలాగే ఉంచండి. ఆడుకుంటూ పిల్లలు లోపలికి దూరి తలుపు మూసుకుంటే ఊపిరాడదు, అరిచినా బయటికి వినపడదు. తీయడం కుదరకపోతే తలుపు వైపు గోడకి తిప్పి పెట్టి, తాడుతో గట్టిగా కట్టేయండి.