పాత బండికి బేరింగు దొరకడం లేదా?

పాత యెజ్డీ మోటారు సైకిలునో రాజ్‌దూత్‌నో విప్పి కూర్చున్నవారికి ఒక మాట. బేరింగులు, ఆయిల్ సీళ్ల కోసం దుకాణంలో బండి పేరు చెప్పకండి. మైసూరులో యెజ్డీల తయారీ 1996లోనే ఆగిపోయింది. పేరు వినగానే లేదంటారు, ఉంటే ధర పెంచుతారు.

పాత బేరింగును కిరోసిన్‌తో కడిగి, అంచు మీద ఉన్న సంఖ్య చూడండి. 6204 అయితే లోపలి వ్యాసం 20, బయటిది 47, మందం 14 మిల్లీమీటర్లు. నీళ్ల మోటారులో ఉన్నా బండిలో ఉన్నా కొలత అదే. ఆ సంఖ్య రాసుకుని సికింద్రాబాద్ రాణీగంజ్‌లోని బేరింగుల దుకాణాలకు వెళ్లండి. పక్కన సీ3 అని ఉంటే అదీ తప్పకుండా చెప్పండి. లోపల కాస్త ఎక్కువ ఖాళీ ఉంచి చేసిన రకమది. ఇంజనులో తిరుగుతూ వేడికి వ్యాకోచించే క్రాంకు షాఫ్టుకు అదే కావాలి. మామూలుది అంటగడతారు, జాగ్రత్త.

ఆయిల్ సీలు మీది కొలత అంకెలు చెరిగిపోతే అరిగిన సీలును కాదు, అది కూర్చునే గాడిని, షాఫ్టును కొలవండి.

ట్యాంకు బ్యాడ్జీలు, స్పీడోమీటర్ల దగ్గర ఈ కిటుకు పనిచేయదు. వాటికి హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతే దిక్కు, అదీ పొద్దున్నే వెళ్తే.