జూన్‌లో స్టాక్‌హోమ్ వెళ్తుంటే మిడ్‌సమ్మర్ ఎప్పుడో చూసుకోండి

స్వీడన్‌లో పెద్ద వేసవి పండగ మిడ్‌సమ్మర్ ఈవ్. ఏటా జూన్ 19-25 మధ్య వచ్చే శుక్రవారం జరుపుతారు. ఆ రోజు స్టాక్‌హోమ్, సంక్రాంతికి హైదరాబాద్ ఉన్నట్టే ఉంటుంది. జనం పల్లెలకూ దీవులకూ వెళ్లిపోతారు, చాలా షాపులు మూసేస్తారు. తినడానికి కావలసినవి గురువారమే కొని పెట్టుకోండి.

ఊళ్లోనే పండగ చూడాలంటే స్కాన్సెన్‌కు వెళ్లండి. 1891లో మొదలైన ఆరుబయటి మ్యూజియం అది, టికెట్ ఉంటుంది. ఆకులు, పూలు చుట్టిన స్తంభాన్ని నిలబెట్టి, దాని చుట్టూ చేతులు పట్టుకుని ఆడతారు. కప్పల్లా గెంతే పాట ఒకటుంది, పిల్లలకు తెగ నచ్చుతుంది. మొహమాటపడకుండా మీరూ కలవండి. ఊరవేసిన హెర్రింగ్ చేప అందరికీ ఎక్కదు గానీ, కొత్త బంగాళాదుంపలు, స్ట్రాబెర్రీలు మాత్రం వదలొద్దు. రాత్రి పదింటికీ వెలుతురే. వాన చెప్పిరాదు, రెయిన్ జాకెట్ బ్యాగులో ఉంచుకోండి.