డాక్టర్ నిద్ర మాత్ర రాశారా? కొద్ది రోజులు జాగ్రత్తగా వాడడం ఎలా

అప్పుల టెన్షన్, ఇంట్లో ఎవరో పోవడం, నైట్ డ్యూటీలు... కారణం ఏదైనా, వరసగా నిద్ర కరువైనప్పుడు డాక్టర్ కొద్ది రోజులకు మాత్ర రాస్తారు. సరిగ్గా వాడితే అది ఆదుకునే మందే. ఎప్పుడు ఆపాలో తెలియకుండా మొదలుపెడితేనే చిక్కు.

డాక్టర్ దగ్గర

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో గంటలకొద్దీ కూర్చుని, తీరా లోపలికి వెళ్లాక "నిద్ర పట్టట్లేదండీ" అని ఒక్క ముక్క చెప్పి వచ్చేస్తాం. అది చాలదు. గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతోందా అన్నది పక్కన పడుకునేవాళ్లని అడిగి మరీ చెప్పండి. అలా ఉన్నవాళ్లకు కొన్ని నిద్ర మాత్రలు ప్రమాదం. ఆయాసం, లివర్ జబ్బు, గర్భం, పాలు తాగే బిడ్డ, మద్యం అలవాటు, ఏదీ దాచొద్దు. నొప్పికి ట్రమడాల్, జలుబుకు సిట్రిజిన్, దగ్గు సిరప్ వాడుతుంటే అవీ చెప్పాలి; మత్తు మీద మత్తు చేరితే ఊపిరి మందగించవచ్చు.

లేచే ముందు రెండు ప్రశ్నలు అడగండి: "ఎన్ని రోజులు వాడాలి? ఎలా ఆపాలి?" జవాబు చీటీ మీదే రాయించుకోండి. మామూలుగా కొద్ది రోజుల నుంచి రెండు వారాలు, మహా అయితే నాలుగు వారాలు. ఆపే తేదీ లేని చీటీతో ఇంటికి రావద్దని నా గట్టి సలహా.

మెడికల్ షాపులో

నిద్రకు రాసే ఆల్ప్రజోలం, జోల్పిడెమ్ లాంటివి షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సినవి. 2014 మార్చి నుంచి వీటిని అమ్మినప్పుడు డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో షాపువాళ్లు వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. తెలిసిన షాపే కదా అని చీటీ లేకుండా అడగొద్దు. ఇంకోటి, స్ట్రిప్ కత్తిరించి నాలుగు బిళ్ళలు ఇస్తే మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ అవతలి ముక్కలో ఉండిపోవచ్చు. కౌంటర్ దగ్గరే చూసుకోండి. ఆల్ప్రజోలం 0.25 మిల్లీగ్రాములు రాస్తే 0.5 ఇవ్వలేదు కదా అన్నదీ చూడండి; అది రెట్టింపు డోసు.

రాత్రి

తలుపు గడియ, గ్యాస్, రేపటి టిఫిన్‌కి పప్పు నానబెట్టడం, అన్నీ అయ్యాక, పక్క మీద కూర్చుని వేసుకోండి. జోల్పిడెమ్ అరగంటలోపే మత్తునిస్తుంది కాబట్టి వేసుకుని టీవీ ముందు కూర్చోవడం పనికిరాదు. కడుపు నిండా తిన్న వెంటనే వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. ఏడెనిమిది గంటలు పడుకునే వీలుండాలి; తెల్లవారుజామున రైలుంటే ఆ రాత్రి మానేయండి. రెండింటికి మెలకువ వచ్చిందని ఇంకోటి వేసుకోవద్దు. మద్యం తాగిన రాత్రి మాత్ర అసలే వద్దు.

జోల్పిడెమ్ వేసుకున్నవాళ్లలో కొందరు నిద్రలోనే లేచి నడిచారు, వంట చేశారు, బండి కూడా నడిపారు. పొద్దున ఏమీ గుర్తులేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో దీనిపై అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. ఒక్కసారి అలా జరిగినా మాత్ర ఆపి డాక్టర్‌కి చెప్పాలి. పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోకుండా దారిలో లైటు ఉంచండి.

పొద్దున

మత్తు పూర్తిగా దిగలేదనిపిస్తే మంగళగిరి మీదుగా హైవేపై బండి తీయకండి, బస్సెక్కండి. ఆడవాళ్ల ఒంట్లో జోల్పిడెమ్ నెమ్మదిగా దిగుతుందని 2013లోనే ఎఫ్‌డీఏ ఆడవాళ్లకు రాసే మామూలు మాత్ర మొదటి డోసును 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించింది. ఇంట్లో ఆయనకి రాసిన బిళ్ళ ఆవిడ వేసుకోకూడదనడానికి ఇదొక్కటి చాలు.

ఆపేటప్పుడు

మానేశాక ఒకటి రెండు రాత్రులు నిద్ర మునుపటికన్నా చెడవచ్చు. చాలామంది ఇక్కడే భయపడి మళ్లీ మొదలుపెడతారు. ఓపిక పట్టండి, అది సర్దుకుంటుంది. వారాల తరబడి రోజూ వేసుకున్నవాళ్లు మాత్రం సొంతంగా ఠక్కున ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. ఈలోగా రోజూ ఒకే వేళకు లేవండి, మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ మానండి. దిగులుతో నిద్ర రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఎవరైనా ఎంత లేపినా లేవకపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ స్ట్రిప్ కూడా ఆస్పత్రికి పట్టుకెళ్లండి.