మిస్సింగ్ కొట్టే పాత సిల్వరాడో: చేయి దూరని 7, 8 ప్లగ్గులు మార్చడం ఎలా?

సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. ఫ్రీవే ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒక్క క్షణం వెనకాడి అప్పుడు అందుకుంటుంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతూ ఉంటుంది, ట్రైలర్ లాగుతుంటే మిణుకుమిణుకుమంటుంది. కోడ్ రీడర్ పెడితే పి0307 లేదా పి0308 చూపిస్తుంది. 1999–2006 మోడల్ షెవర్లే సిల్వరాడో 1500లో 5.3 లీటర్ల వి8 ఇంజన్ ఉండి, ఈ లక్షణాలు కనిపిస్తే అది మిస్సింగ్, అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండటం లేదు. మొదట వెనకవైపు ఉండే 7, 8 స్పార్క్ ప్లగ్గుల్ని అనుమానించండి.

లైటు మిణుకుమంటుంటే మాత్రం ఆ బండిని అలాగే తిప్పకండి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ప్లగ్గులు కొన్ని డాలర్లతో పోతాయి, కన్వర్టర్ వందల డాలర్లు లాగుతుంది.

నేను డాలస్‌లో 2004 మోడల్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికే 1,40,000 మైళ్లు తిరిగింది. ప్లగ్గులన్నీ కొత్తవేనని అమ్మినాయన చెప్పాడు. మిస్సింగ్ మొదలయ్యాక ముందు రెండు విప్పి చూస్తే నిజంగానే కొత్తగా ఉన్నాయి. దాంతో ప్లగ్గుల మీద అనుమానం వదిలేసి, ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్స్, ఫ్యూయల్ ఫిల్టర్ అంటూ నెల రోజులు తిరిగాను. ఒకరోజు ఫోన్లో నాన్నకు చెప్పాను. ఆయన చాలా ఏళ్లు పెట్రోల్ అంబాసిడర్ నడిపారు.

"ప్లగ్గులెన్ని రా దానికి?"

"ఎనిమిది నాన్నా."

"ఎనిమిదీ విప్పి చూశావా?"

చూడలేదు. వెనక రెండింటి దగ్గరికి చేయి పోలేదని వదిలేశాను. నాకంటే ముందు మార్చినవాళ్లూ అదే చేశారని విప్పాక తెలిసింది.

ఏ సిలిండరో ముందు తేల్చుకోండి

ఈ ఇంజన్‌లో డ్రైవర్ వైపు ముందు నుంచి వెనక్కి 1, 3, 5, 7 సిలిండర్లు. ప్యాసింజర్ వైపు 2, 4, 6, 8. కోడ్‌లో చివరి అంకె సిలిండర్ నంబరే. అంటే పి0307 వస్తే డ్రైవర్ వైపు అన్నిటికంటే వెనకది, బ్రేక్ బూస్టర్ కింద, స్టీరింగ్ షాఫ్ట్ పక్కన ఉండేది. పి0308 అయితే ప్యాసింజర్ వైపు మూలలో, ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే గోడకు) ఆనుకున్నట్టు ఉండేది.

ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ ఉంటుంది. అవి వాల్వ్ కవర్ మీదే ఉంటాయి కాబట్టి పరీక్ష తేలిక. 7వ కాయిల్ తీసి 5వ దానితో మార్చండి. కోడ్ క్లియర్ చేసి కొంచెం దూరం నడపండి. ఈసారి పి0305 వస్తే కాయిల్ పోయినట్టే, కొత్తది వేస్తే పని అయిపోయింది. మళ్లీ పి0307 వస్తే కాయిల్ బాగానే ఉంది. ఇక మిగిలింది వైరు, ప్లగ్గు.

పి0300 (ఫలానా సిలిండర్ అని చెప్పని మిస్సింగ్ కోడ్) వచ్చి, దాంతోపాటు పి0171, పి0174 (పెట్రోలుకు మించి గాలి చేరుతోందని చెప్పే కోడ్లు) కూడా ఉండి, చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే ఇంజన్ ఊగుతుంటే, అది ప్లగ్గుల పని కాకపోవచ్చు. ఇంజన్‌లోకి గాలి పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకవుతోందేమో చూడండి.

వాన పడితేనే మిస్సింగ్ వస్తుంటే అది కరెంటు లీకేజీ. రాత్రి చీకట్లో ఇంజన్ ఆన్ చేసి, దూరం నుంచి బూట్ల మీద (వైరు చివర ప్లగ్గుకు తొడిగే రబ్బరు తొడుగుల మీద) స్ప్రే సీసాతో సన్నగా నీళ్లు కొట్టి చూడండి. బూట్ చుట్టూ నీలంగా నిప్పురవ్వ గెంతితే దొంగ దొరికినట్టే. ఆ సమయంలో వైర్లను చేత్తో ముట్టుకోవద్దు.

నా బండి 7వ ప్లగ్గు బయటికి వచ్చినప్పుడు ఏం కనిపించిందో చెబుతాను. మొన మధ్యలో కోసుగా ఉండాల్సింది గుండ్రంగా అరిగిపోయింది. గ్యాప్, అంటే నిప్పురవ్వ దూకే సందు, కొత్తదానికి దాదాపు రెట్టింపు ఉంది. తెల్లటి పింగాణీ మీద పై నుంచి కింది దాకా పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. బూట్ లోపల టార్చి వేసి చూస్తే అదే చోట అదే గీత. కరెంటు గ్యాప్‌ను దాటలేక పింగాణీ పక్కనుంచి దారి చేసుకుంది. ఇలాంటి గీత కనిపిస్తే ప్లగ్గు ఒక్కటే మారిస్తే లాభం లేదు. పాత బూట్‌లోని గీత కొత్త ప్లగ్గును కూడా కొద్ది రోజుల్లోనే పాడుచేస్తుంది. వైరు కూడా మార్చండి.

చేయి పోవడానికి దారి

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. సిలిండర్ హెడ్లు అల్యూమినియంవి. వేడి మీద ప్లగ్గు తిప్పితే హెడ్‌లోని మరలు ప్లగ్గుతో పాటే ఊడి రావచ్చు. నేను సాయంత్రం బండి ఆపేసి మర్నాడు పొద్దున పని మొదలుపెడతాను.

పై నుంచి పొట్ట బానెట్ అంచుకు ఆనించి వేలాడుతూ పనిచేయడం కంటే, ముందు చక్రం తీసేసి పక్క నుంచి చూడటం చాలా నయం. జాక్ ఎత్తాక తప్పకుండా జాక్ స్టాండ్ పెట్టండి, జాక్ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు. చక్రం తీసి, ఫెండర్ లైనర్ (చక్రం పైన లోపలివైపు ఉండే తొడుగు) వదులు చేసి పక్కకు జరిపితే వెనక ప్లగ్గులు ఎదురుగా కనిపిస్తాయి. 7వ దానికి స్టీరింగ్ షాఫ్ట్ అడ్డొస్తే స్టీరింగ్ కొంచెం తిప్పి చూడండి, జాయింట్ పక్కకు జరిగి సందు దొరుకుతుంది. షాఫ్ట్ విప్పే పరిస్థితి వస్తే మాత్రం స్టీరింగ్ లాక్ చేసి విప్పండి. విప్పి ఉన్నప్పుడు స్టీరింగ్ గిర్రున తిరిగితే లోపలి క్లాక్ స్ప్రింగ్ (ఎయిర్‌బ్యాగ్‌కు వెళ్లే వైరు చుట్ట) తెగిపోతుంది.

సామాను ఎక్కువేం అక్కర్లేదు. 5/8 అంగుళం ప్లగ్ సాకెట్, కదిలే జాయింట్, రెండు మూడు సైజుల ఎక్స్‌టెన్షన్లు, రాచెట్, టార్క్ రెంచ్, చిన్న అద్దం, టార్చి. సాకెట్ వెనక ఆరు పలకలుంటే ఇంకా మంచిది. రాచెట్ పట్టని చోట మామూలు పానాతో తిప్పొచ్చు.

బూట్‌ను వైరు పట్టుకుని లాగకండి. బూట్‌నే పట్టుకుని ముందు అటూ ఇటూ అర చుట్టు తిప్పండి. అతుక్కున్నది వదిలాక తేలిగ్గా వచ్చేస్తుంది.

ప్లగ్గు చుట్టూ పేరుకున్న మట్టిని గాలి కొట్టి ఊదేయండి, కళ్లద్దాలు పెట్టుకుని. తర్వాతే తిప్పండి. సగం దూరం వచ్చాక బిగుసుకుపోతే బలం పెట్టొద్దు. పావు చుట్టు వెనక్కి తిప్పి, తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి, పావుగంట ఆగండి. మళ్లీ కొంచెం బయటికి, కొంచెం లోపలికి. నా 8వ ప్లగ్గుకు ఇలా గంట పట్టింది. మరల మధ్య మెరిసే అల్యూమినియం పీచు కనిపిస్తే అక్కడితో ఆపండి. హెడ్‌లో థ్రెడ్ ఇన్‌సర్ట్ (కొత్త మరల తొడుగు) వేయించాల్సి వస్తుంది, ఆ పని చేతనైన మెకానిక్‌కే ఇవ్వండి.

కొత్తది ఎక్కించడం

ఏసీ డెల్కో 41-110 ఇరిడియం ప్లగ్గులు ఈ ఇంజన్‌కు సరిపోతాయి. గ్యాప్ 0.040 అంగుళాలు, దాదాపు 1 మిల్లీమీటరు. పెట్టెలోంచి తీయగానే కొలవండి. నాణెం లాంటి గేజ్‌ను మధ్య మొన మీద ఆనించి నెట్టకండి, ఇరిడియం మొన సన్నగా ఉంటుంది, విరుగుతుంది. తీగ గేజ్ వాడండి.

చేయి దూరని చోట మర పట్టించడానికి నాకు బాగా పనికొచ్చింది జానెడు ఫ్యూయల్ గొట్టం. లోపలి కొలత 3/8 అంగుళం. దాన్ని ప్లగ్గు తలకు తొడిగి, రెండో కొసను వేళ్లతో తిప్పండి. మర సరిగ్గా పడితే ప్లగ్గు దానంతటదే దిగిపోతుంది. అడ్డంగా పడితే గొట్టం జారిపోతుంది తప్ప హెడ్ మర చెడదు. రాచెట్ ఈ విషయంలో మనకు ఏ హెచ్చరికా ఇవ్వదు.

వేళ్లతో పూర్తిగా దిగాకే టార్క్ రెంచ్. వాడిన హెడ్‌కు 15 న్యూటన్ మీటర్లు, అంటే 11 ఫుట్ పౌండ్లు. ఈ ప్లగ్గులకు వాషర్ ఉండదు, శంఖు ఆకారపు అంచు నేరుగా హెడ్‌లో కూర్చుంటుంది. అందుకే ఎక్కువ బిగిస్తే తర్వాత విప్పేవాళ్లు ఏడవాల్సిందే. బూట్ లోపల డైఎలెక్ట్రిక్ గ్రీజు కొంచెం రాసి, టక్కుమని వినిపించేదాకా నొక్కండి.

మార్చాక కూడా మిస్సింగ్ వస్తే

నాకు అదే జరిగింది. 7 బాగైంది, 8 కొత్తగా మొదలైంది. టెన్షన్ పడి మళ్లీ చక్రం విప్పాను. ప్లగ్గు తీసి గోటితో గీస్తే పింగాణీ మీద వెంట్రుక మందం బీట తగిలింది. బిగించేటప్పుడు సాకెట్ కొంచెం వంగింది, సన్నగా టిక్కుమంది కూడా, నేను పట్టించుకోలేదు. ఆ చప్పుడు వింటే ఆ ప్లగ్గు పక్కన పెట్టేయండి, కళ్లకు బాగానే కనిపించినా సరే. ఎనిమిది కాదు, తొమ్మిది కొనుక్కోండి.

బీట లేకపోతే బూట్ పూర్తిగా కూర్చుందో లేదో, కాయిల్ కనెక్టర్ పట్టిందో లేదో చూడండి. అవీ బాగుంటే కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) కొలిపించండి. అన్నిటికంటే తక్కువ ఉన్న సిలిండర్, ఎక్కువ ఉన్నదానిలో 70 శాతమైనా చూపించాలి, ఏదీ 100 పీఎస్‌ఐకి తగ్గకూడదు. కంప్రెషన్ కూడా సరిగ్గా ఉంటే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ వైపు వెళ్లండి.

మిస్సింగ్ పోయి, టిక్ టిక్‌మనే చప్పుడు మిగిలితే ముందు కొత్త ప్లగ్గు వదులుగా ఉందేమో టార్క్ రెంచ్‌తో చూడండి. అది కాకుండా, చల్లటి ఇంజన్‌లో వినిపించి, వేడెక్కాక పోతుంటే అది, పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు కావచ్చు. ఈ ఇంజన్లలో వెనక చివరి బోల్టు తల తెగిపోవడం మామూలే. చక్రం విప్పి ఉన్నప్పుడే 7, 8 ప్లగ్గుల పక్కన అద్దం పెట్టి బోల్టు తల ఉందో లేదో చూసేయండి. మళ్లీ అదంతా విప్పే పని తప్పుతుంది.