లింక్ లైటు వెలుగుతోంది, పింగ్ రావడం లేదు: ఈఎన్‌సీ28జే60 డ్రైవర్‌లో ఎక్కడ వెతకాలి

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు డ్రయర్ల దగ్గర ధాన్యం వేడి, తేమ చూపించే బోర్డులు ఆరు పెట్టాం. ఒక్కో బోర్డులో ఒక చిన్న మైక్రోకంట్రోలర్, దాని పక్కన మైక్రోచిప్ కంపెనీ వాళ్ల ఈఎన్‌సీ28జే60 ఈథర్‌నెట్ చిప్ ఉంటాయి. ఆ చిప్‌ను నడిపే కోడ్, అంటే డ్రైవర్, మేం రాయలేదు, ఓపెన్ సోర్స్‌లో దొరికింది తీసుకున్నాం. నల్లగొండలో నా టేబుల్ మీద వారం రోజులు ఒక్కసారి కూడా ఆగలేదు. మిల్లులో బిగించిన రెండో రోజే ఆపరేటర్ ఫోన్ చేశాడు: "ఎలివేటర్ మోటర్ ఆన్ చేయంగనే మీ డబ్బా బందైతుంది సార్."

యాసంగి ధాన్యం దిగే రోజుల్లో డ్రయర్ రాత్రంతా నడుస్తుంది. రీడింగ్ రాకపోతే ఆ మనిషి గంటకోసారి లేచి వెళ్లి గింజ చేత్తో పట్టి చూడాలి. అందుకే తొందరపడ్డాం. ఎర్తింగ్ మార్చాం, కేబుల్ మార్చాం, పవర్ సప్లై మార్చాం. నాలుగు రోజులు పోయాయి. తప్పు డ్రైవర్‌లో ఉంది. ఆ నాలుగు రోజులు ఇంకొకరికి పోకూడదని ఇది రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. ఈ చిప్‌కు డేటాషీట్‌తో పాటు ఎర్రేటా అని ఇంకో పత్రం ఉంది. చిప్ తయారయ్యాక బయటపడిన లోపాలు, వాటిని ఎలా దాటాలో అందులో ఉంటుంది. డ్రైవర్ కోడ్‌ను ఒక పక్క, ఎర్రేటాను ఇంకో పక్క పెట్టుకుని చదవండి. ఒక్కో లోపానికి కోడ్‌లో జవాబు ఉందా లేదా అని టిక్ పెట్టుకోండి. నేను చూసిన డ్రైవర్‌లో సగానికి పైగా టిక్‌లు పడలేదు. రాసినవాళ్లు డేటాషీట్‌ను శ్రద్ధగా చదివారని కోడ్ చూస్తేనే తెలుస్తుంది. ఎర్రేటా మాత్రం వాళ్ల కంటపడినట్టు లేదు.

రివిజన్ చదివితే 0 గానీ 255 గానీ వస్తోంది

ఈరెవ్‌ఐడీ అనే రిజిస్టర్ (చిప్ లోపల విలువలు ఉండే చిన్న గడి) చదివితే చిప్ ఏ రివిజనో, అంటే ఏ తయారీ వెర్షనో తెలుస్తుంది. 2 అంటే బీ1, 4 అంటే బీ4, 5 అంటే బీ5, 6 అంటే బీ7. 0 లేదా 255 వచ్చిందంటే చిప్‌తో మాటే కలవలేదు. మైక్రోకంట్రోలర్, చిప్ మాట్లాడుకునే ఎస్‌పీఐ లైను మోడ్ 0లో ఉందా, చిప్ సెలెక్ట్ లైను కమాండ్ మొదలు నుంచి చివరి బైట్ దాకా కింద ఉందా చూడండి. తర్వాత కరెంటు. ఈ చిప్ ప్యాకెట్ పంపేటప్పుడు 180 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆర్డుయినో ఊనో 3.3 వోల్టుల పిన్ ఇచ్చేది 50 మిల్లీ ఆంపియర్లే. దానికి తగిలించి "చిప్ పాడైంది" అని పారేసిన వాళ్లను చూశాను. 3.3 వోల్టుల రెగ్యులేటర్ విడిగా పెట్టండి.

పాత రివిజన్లలో ఎస్‌పీఐ వేగం 8 మెగాహెర్ట్జ్ కంటే తక్కువైతే మ్యాక్ (ప్యాకెట్లు పంపడం, తీసుకోవడం చూసే భాగం) రిజిస్టర్లను చదవడం నమ్మదగ్గది కాదని ఎర్రేటా చెబుతుంది. లైను నెమ్మదిగా ఉంటే భద్రం అనుకుని వేగం తగ్గిస్తాం కదా, ఇక్కడ అది తిరగబడుతుంది. పై హద్దు 20 మెగాహెర్ట్జ్.

రీసెట్ తర్వాత క్లాక్ సిద్ధమైందో లేదో చెప్పే బిట్‌ను కూడా నమ్మకూడదు. రీసెట్ కమాండ్ ఇచ్చాక కనీసం 1 మిల్లీసెకను ఆగాలి. చాలా డ్రైవర్లు ఆ బిట్ కోసమే లూప్‌లో తిరుగుతాయి.

కొన్ని రిజిస్టర్లు సరిగ్గా వస్తున్నాయి, కొన్నింట్లో చెత్త వస్తోంది

రిజిస్టర్ పేరు చూడండి. మ్యాక్, ఎంఐఐ (కేబుల్ వైపు భాగంతో మాట్లాడేవి) రిజిస్టర్లను చదివినప్పుడు చిప్ ముందు ఒక ఖాళీ బైట్ పంపి, ఆ తర్వాతే అసలు విలువ పంపుతుంది. మామూలు ఈథర్‌నెట్ రిజిస్టర్లకు అలా ఉండదు. డ్రైవర్ అన్నింటికీ ఒకే చదివే ఫంక్షన్ వాడితే ఈ లక్షణం వస్తుంది. రెండు ఫంక్షన్లు చేసుకుంటే పోతుంది.

గంటలు గడిచాక వినడం ఆపేస్తోంది, లింక్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది

మా మిల్లులో పడిన దెబ్బ ఇదే. దీని కింద మూడు కారణాలు ఉండొచ్చు. మా డ్రైవర్‌లో మూడూ ఉన్నాయి.

ముందు మోటర్ సంగతి. బోర్డు 3.3 వోల్టుల లైనుకు ఆసిల్లోస్కోప్ పెట్టి మోటర్ ఆన్ చేయించాను. గీత కదల్లేదు, ఎందుకంటే బోర్డులు బ్యాటరీ బ్యాకప్ మీద ఉన్నాయి. అయినా బోర్డు ఆగింది. అప్పుడు మోటర్ ఆపించి, ఆఫీసు గదిలోని నెట్‌వర్క్ స్విచ్, సీసీ కెమెరా రికార్డర్, కంప్యూటర్లు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్ తీసి పెట్టాను. మూడోసారికి బోర్డు ఆగిపోయింది. మోటర్ తిరగడం లేదు, అయినా ఆగింది. విషయం అర్థమైంది: మోటర్ ఎక్కినప్పుడు వోల్టేజీ పడి ఆఫీసులో పరికరాలన్నీ రీస్టార్ట్ అవుతున్నాయి. లేచాక అన్నీ ఒకేసారి తమ అడ్రస్‌ల కోసం బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లు, అంటే నెట్‌వర్క్‌లో అందరికీ వెళ్లేవి, పంపుతున్నాయి. ఆ గుంపు వచ్చి మీద పడితే మా డ్రైవర్ తట్టుకోలేకపోతోంది. నల్లగొండ వచ్చి ల్యాప్‌టాప్ నుంచి బ్రాడ్‌కాస్ట్‌లు వరసగా పంపితే టేబుల్ మీదే పది నిమిషాల్లో ఆగింది. లోపాన్ని మన టేబుల్ మీదకు తెచ్చుకోగలిగితే సగం పని అయినట్టే.

మొదటి కారణం: రీడ్ పాయింటర్ సరి సంఖ్య కావడం. చిప్ లోపల 8,192 బైట్ల మెమరీ ఉంది. అందులో కొంత భాగం వచ్చే ప్యాకెట్లకు. అది మిల్లులో బకెట్ ఎలివేటర్ లాంటిది, చివరికి వెళ్లి మళ్లీ మొదటికి వస్తుంది. చిప్ నింపుతూ పోతుంది, డ్రైవర్ ఖాళీ చేస్తూ "ఇక్కడిదాకా తీసేశాను" అని ఈఆర్ఎక్స్‌ఆర్‌డీపీటీ రిజిస్టర్‌లో రాస్తుంది. ఆ రిజిస్టర్‌లో సరి సంఖ్య రాస్తే చిప్ తన బఫర్‌ను తానే పాడు చేసుకోవచ్చని ఎర్రేటాలో స్పష్టంగా ఉంది. ప్రతి ప్యాకెట్ ముందు ఉండే 6 బైట్ల హెడర్, అంటే తర్వాతి ప్యాకెట్ చిరునామా 2 బైట్లు, స్టేటస్ 4 బైట్లు, అదీ చెడిపోవచ్చు. ప్యాకెట్లు ఎప్పుడూ సరి చిరునామాలోనే మొదలవుతాయి. మా డ్రైవర్ తర్వాతి ప్యాకెట్ చిరునామాను ఉన్నదున్నట్టు ఆ రిజిస్టర్‌లో రాస్తోంది. అంటే ప్రతిసారీ సరి సంఖ్యే.

పరిష్కారం: అందులోంచి 1 తీసి రాయండి. తర్వాతి ప్యాకెట్ బఫర్ మొదట్లోనే ఉంటే, బఫర్ చివరి చిరునామా రాయండి. ఆ చివరి చిరునామా బేసి సంఖ్య అయ్యేలా ముందే చూసుకోవాలి. రిసీవ్ బఫర్ సున్నా నుంచే మొదలుపెట్టమని ఇంకో ఎర్రేటా చెబుతుంది. నేను రిసీవ్‌కు 0 నుంచి 6,655 వరకు, ట్రాన్స్‌మిట్‌కు 6,656 నుంచి 8,191 వరకు పెట్టాను. ట్రాన్స్‌మిట్‌కు మిగిలిన 1,536 బైట్లు ఒక పూర్తి ఫ్రేముకు, ముందు ఉండే కంట్రోల్ బైట్‌కు, చిప్ చివర రాసే 7 బైట్ల స్టేటస్‌కు సరిపోతాయి. రాసేటప్పుడు కింది బైట్ ముందు, పై బైట్ తర్వాత. పై బైట్ రాసినప్పుడే విలువ అమల్లోకి వస్తుంది. వరస తారుమారైతే పాత కింది బైట్‌తో కొత్త పై బైట్ కలిసి పాయింటర్ ఎక్కడో పడుతుంది.

ఇదే చోట నన్ను నిజంగా భయపెట్టిన లైను ఒకటి ఉంది. హెడర్‌లో చిప్ చెప్పిన పొడవును డ్రైవర్ ఏ పరీక్షా లేకుండా తీసుకుని, అన్ని బైట్లు 600 బైట్ల బఫర్‌లోకి కాపీ చేస్తోంది. మామూలు ఈథర్‌నెట్ ఫ్రేమే 1,518 బైట్ల దాకా ఉంటుంది. హెడర్ చెడిపోవడం దాకా ఎందుకు, ఎవరైనా పెద్ద పింగ్ (ఉన్నావా అని అడిగే ప్యాకెట్) పంపినా పక్క మెమరీ తుడిచిపెట్టుకుపోతుంది. డ్రయర్ వేడిని చూసే బోర్డులో అది చిన్న విషయం కాదు. పొడవు మన బఫర్ కంటే పెద్దదైతే ఆ ప్యాకెట్ వదిలేయాలి. పొడవు 1,518 దాటినా, తర్వాతి చిరునామా బేసి అయినా, 6,655 దాటినా హెడర్ చెడిపోయిందని లెక్క. అప్పుడు రిసీవ్ భాగాన్ని రీసెట్ చేసి పాయింటర్లు మొదటి నుంచి పెట్టాలి.

రెండో కారణం: ప్యాకెట్ వచ్చిందని చెప్పే పీకేటీఐఎఫ్ ఫ్లాగ్. ఇది నిజం చెబుతుందన్న నమ్మకం లేదని ఎర్రేటాలోనే ఉంది. ఫ్లాగ్ బదులు ఈపీకేటీసీఎన్‌టీ అనే లెక్క చూడాలి, అది సున్నా అయ్యేదాకా ప్యాకెట్లు తీస్తూనే ఉండాలి. ప్రతి ప్యాకెట్ తీశాక లెక్క తగ్గించే బిట్ పెట్టడం మరవకండి. ఆ లెక్క 255కు చేరితే చిప్ కొత్త ప్యాకెట్లు తీసుకోదు. దీనికి తోడు, ఇంటరప్ట్ లైను (పని ఉందని చిప్ మైక్రోకంట్రోలర్‌ను పిలిచే తీగ) పైనుంచి కిందికి దిగే అంచు మీద పనిచేసేలా పెడితే ఇంకో చిక్కు ఉంది. మనం ఒక ప్యాకెట్ తీస్తుండగా ఇంకొకటి వస్తే లైను కిందే ఉండిపోతుంది, కొత్త అంచు రాదు, ఇంటరప్ట్ ఎప్పటికీ రాదు. ప్యాకెట్లు తీసే పని మొదట్లో ఇంటరప్ట్‌లను అనుమతించే ఐఎన్‌టీఐఈ బిట్ ఆఫ్ చేసి, పనంతా అయ్యాక ఆన్ చేయండి. మిగిలిన పని ఏదైనా ఉంటే అంచు మళ్లీ పుడుతుంది. లైనక్స్ కెర్నల్‌లోని ఈ చిప్ డ్రైవర్ కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది. చదవడానికి అది మంచి నమూనా.

మూడో కారణం పట్టుకోవడానికి నాకు ఎక్కువ సమయం పట్టింది. చిప్‌లో రిజిస్టర్లు నాలుగు బ్యాంకులుగా ఉంటాయి. ఏ బ్యాంకులో ఉన్నామో ఈకాన్1 రిజిస్టర్ చివరి రెండు బిట్లు చెబుతాయి. మెయిన్ లూప్ బ్యాంకు 3కు మారి, రాయబోయే లోపు ఇంటరప్ట్ వచ్చి బ్యాంకు 0కు మార్చిందనుకోండి. వెనక్కి వచ్చాక మెయిన్ లూప్ రాసే విలువ వేరే రిజిస్టర్‌లో పడుతుంది. ఏ రోజు ఏ రిజిస్టర్ పోతుందో చెప్పలేం. ఒకసారి ఏ ప్యాకెట్లు తీసుకోవాలో చెప్పే వడపోత సెట్టింగ్ పోయి బ్రాడ్‌కాస్ట్‌లు ఆగాయి, ఇంకోసారి బఫర్ హద్దే మారిపోయింది. పరిష్కారం ఒక్కటే: ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో (ఇంటరప్ట్ రాగానే నడిచే ఫంక్షన్) ఎస్‌పీఐ ముట్టుకోకండి. అక్కడ ఒక ఫ్లాగ్ మాత్రం పెట్టి, చిప్‌తో మాట్లాడే పనంతా ఒకే టాస్క్‌లో చేయండి. టాస్క్‌లు ఒకటి కంటే ఎక్కువ ఉంటే బ్యాంకు మార్చడం, చదవడం లేదా రాయడం మొత్తానికి ఒకే లాక్ పెట్టాలి. రెండింటికీ వేర్వేరు లాకులు పెడితే లాభం లేదు. డ్రైవర్ ప్రస్తుత బ్యాంకును ఒక వేరియబుల్‌లో గుర్తుపెట్టుకునే రకమైతే, చిప్‌ను రీసెట్ చేసిన ప్రతిచోటా దాన్ని కూడా సున్నా చేయండి.

పంపడం ఆగిపోతోంది

హాఫ్ డూప్లెక్స్‌లో (ఒకసారి ఒకరే మాట్లాడే పద్ధతి) ప్యాకెట్లు ఢీకొన్నాక ట్రాన్స్‌మిట్ భాగం ఇరుక్కుపోవచ్చు. ప్రతి ప్యాకెట్‌కు ముందు ట్రాన్స్‌మిట్ భాగాన్ని రీసెట్ చేసే టీఎక్స్‌ఆర్‌ఎస్‌టీ బిట్ పెట్టి తీసేసి, ఎర్రర్ ఫ్లాగ్ తుడిచి, అప్పుడు పంపండి.

చిన్న పింగ్ బాగుంది, డేటా పెరిగితే ప్యాకెట్లు పోతున్నాయి

ఈ చిప్‌కు ఆటో నెగోషియేషన్ (అవతలి పరికరంతో వేగం, పద్ధతి తనంతట తానే కుదుర్చుకోవడం) లేదు, వేగం 10 మెగాబిట్లే. దీన్ని ఫుల్ డూప్లెక్స్‌లో (ఇద్దరూ ఒకేసారి మాట్లాడే పద్ధతి) పెట్టి మామూలు స్విచ్‌కు కలిపితే, స్విచ్ మాత్రం హాఫ్ అనుకుంటుంది. చిప్ ఆగకుండా మాట్లాడితే స్విచ్ దాన్ని ఢీకొనడంగా లెక్కేస్తుంది. స్విచ్ పోర్టును చేత్తో ఫుల్‌కు బిగించే వీలు లేకపోతే చిప్‌ను హాఫ్‌లోనే ఉంచండి. మ్యాక్ వైపు, ఫై (కేబుల్‌కు సిగ్నల్ ఇచ్చే భాగం) వైపు రెండు చోట్లా ఒకే సెట్టింగ్ ఉండాలి. రీసెట్‌లో అదే వస్తుందిలే అనుకోకుండా కోడ్‌లో రాసి పెట్టండి.

రెండో బోర్డు పెట్టగానే మొదటిది మాయం

ఈ చిప్‌లో పుట్టుకతో మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) ఉండదు, మనమే రాయాలి. ఉదాహరణ కోడ్‌లో ఉన్న అడ్రస్‌నే అన్ని బోర్డుల్లో వదిలేస్తే స్విచ్ ఒకసారి ఈ పోర్టుకు, ఒకసారి ఆ పోర్టుకు పంపుతుంది. మైక్రోకంట్రోలర్ సీరియల్ నంబర్ నుంచి అడ్రస్ తయారు చేసి, మొదటి బైట్ 2 పెట్టండి. స్థానికంగా ఇచ్చుకున్న అడ్రస్ అని దానికి గుర్తు. రాసే చోట వరస జాగ్రత్త: రిజిస్టర్లు చిరునామాల వరసలో 5, 6, 3, 4, 1, 2గా ఉంటాయి.

సరిచేశాక ఎలా పరీక్షించాలి

ఒక్కో దోషానికి ఒక్కో ప్యాచ్ (కోడ్ మార్పు) చేయండి. మూడూ కలిపి పెడితే రేపు ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. ప్యాచ్ వివరణలో లక్షణం, ఎర్రేటాలో ఆ లోపం ఏ నంబరులో ఉందో, మీరు దాన్ని ఎలా తెప్పించారో రాయండి. దాన్ని మూల డ్రైవర్‌కు పంపండి. మన మిల్లులో ఆగిన డ్రైవర్ ఇంకెక్కడో పంపుహౌస్‌లోనూ ఆగుతూ ఉండొచ్చు.

పరీక్షకు రెండు ల్యాప్‌టాప్‌లు చాలు. ఒకదాని నుంచి బ్రాడ్‌కాస్ట్‌లు ఆపకుండా పంపండి, ఇంకోదాని నుంచి పింగ్ సైజు చిన్నదాని నుంచి 1,472 బైట్ల దాకా మారుస్తూ ఉండండి. మధ్యమధ్య స్విచ్ ప్లగ్ తీసి పెట్టండి. డ్రైవర్‌లో రిసీవ్ రీసెట్‌లు ఎన్నిసార్లు జరిగాయో లెక్కపెట్టే కౌంటర్ పెట్టుకోండి. పింగ్ తిరిగి వస్తున్నా ఆ కౌంటర్ కదులుతోందంటే మూలం ఇంకా లోపలే ఉంది. నా టేబుల్ మీద మొదటి ప్యాచ్ తర్వాత ఆ లెక్క బాగా తగ్గింది కానీ ఆగలేదు. బ్యాంకు లాక్ సరిచేశాకే రాత్రంతా నడిపినా సున్నా దగ్గర నిలిచింది. ఆ మర్నాడే మిర్యాలగూడ వెళ్లి ఆరు బోర్డులకూ కొత్త కోడ్ ఎక్కించి, ఎలివేటర్ మోటర్ ఇరవై సార్లు ఆన్, ఆఫ్ చేయించాను. ఆఫీసులో స్విచ్ ఆరిపోయి మళ్లీ లేచిన ప్రతిసారీ బోర్డులు ఆరూ జవాబిచ్చాయి.