మంచు దేశంలో మేకల తొట్టికి రబ్బరే మేలు
అమెరికాలోని మిన్నెసోటా లాంటి చోట మేకలు పెంచుకుంటే చలికాలం పొద్దున్నే నీళ్ళ తొట్టిలో మంచు పగలగొట్టడమే పెద్ద తలనొప్పి. గట్టి ప్లాస్టిక్ బకెట్లు సుత్తి దెబ్బకి చీలిపోతాయి, రేకు తొట్లు సొట్టలు పోతాయి. అందుకే నల్ల రబ్బరు తొట్లు రెండు కొనండి, 20 లీటర్లవి, దొరికినవాటిలో లోతైనవి చూసుకుని (వెడల్పు ఎక్కువైతే తొందరగా గడ్డకడుతుంది). బోర్లించి నాలుగు తన్నులు తంతే మంచు బిళ్ళ ఊడి పడుతుంది, ఒకటి ఇంట్లో కరుగుతుంటే రెండోది షెడ్డులో పెట్టొచ్చు. రెండు పూటలా గోరువెచ్చటి నీళ్ళు పోస్తే బాగా తాగుతాయి కూడా. మైనస్ 15 డిగ్రీల కిందకి పోయి ఎండ కూడా లేకపోతే మాత్రం ఇది చాలదు, కరెంటు హీటర్ ఉన్న బకెట్ పెట్టాల్సిందే, దాని వైరు పైపులోంచి లాగండి, లేకపోతే మేకలు కొరికేస్తాయి.